పుచ్చుపల్లీల సంగతి

అక్కకు నీ చెల్లె సుగుణ వందనాలు. నా పానం మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకు. నువ్వు, బావ, పిల్లలు ఎట్లున్నరు? అమ్మ మోకాళ్ల నొప్పులు జర తగ్గినయా?

ఈడ జర్మనీల చలి మొదలైంది. నాలుగింటికే పొద్దు మునుగుతాంది. రొట్టె తిని తిని నోరు చప్పబడ్డది, నువ్వు దంచి పంపిన పల్లిపొడే దిక్కు. తెలుగుల ముచ్చట పెడదామంటే ఒక్క మనిషి లేడు.

పని మంచిగనే నడుస్తాంది. బూజు పట్టిన పల్లీలల్ల ఒక విషం పుడుతది. అది కండ్లకు కనపడదు, వాసన రాదు. దాన్ని వెలుతురుతోని పట్టే మిషిన్ మాది. బంగారు పూత పూసిన అద్దానికి ఏదన్న అంటుకుంటే, దాని మీద పడ్డ వెలుతురు పక్కకు జరుగుతది. కని ఈ విషం మరీ చిన్నది. దోమ వాలితే తరాజు వంగుతదా? అందుకే పిండికన్న సన్నటి ఇనుప రేణువులకు దాన్ని అంటించి, కింద అయస్కాంతం పెట్టి అద్దం మీదికి గుంజుతం. మూడు నెల్లసంది ఇదే కుస్తీ.

గందుకే, మిషిన్‌ను పరీక్ష చేసేటందుకు, నువ్వు కూలికి పోయే పల్లీల మిల్లుల ఏరి పక్కకేసే పుచ్చుపల్లీలు పంపుమని రాసిన. నువ్వేం జేసినవ్? దేవరకొండ అంగట్ల మంచియి కొని, ఒక్కొక్కటి ఏరి పంపినవ్! "పరాయి దేశంల మన పరువు పోతది" అని చీటి గూడ పెట్టినవ్. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. వాటిల మిషిన్‌కు ఏం దొరకలే.

అప్పుడు పల్లిపొడి యాదికొచ్చింది. అది మిల్లు పుచ్చుగింజలతోనే గద నువ్వు దంచేది! దొరలకు మంచియి, ఇంటోళ్లకు పుచ్చుయి. చెంచెడు తీస్కపోయి పెట్టిన. వెలుతురు ఇంతకు ముందెన్నడు జరగనంత జరిగింది. మిషిన్ పనిచేసిందని మా సారు ఒకటే సంబురం. నేను మాత్రం మళ్ల రెండుసార్లు చూసిన, అంతే వచ్చింది.

అక్కా, నీ కాళ్లు మొక్కుత, ఆ గింజలు ఇంటికి తేకు, పిల్లలకు పెట్టకు. మిల్లు సేటు ఉత్తగ ఇస్తుండని మొగమాటపడకు. కడిగినా, ఏంచినా ఆ విషం పోదు. "చిన్నప్పటిసంది తింటనే ఉన్నం, ఏమైంది?" అంటవని తెలుసు. అది కొద్దికొద్దిగ కార్జాన్ని తింటదంట. బాపు పొట్ట ఉబ్బి, కామెర్లై పోయిండు. తాగి పోయిండని ఊరంత అన్నరు. ఆయన కల్లు ముట్టంగ మనం ఎన్నడన్న చూసినమా? గీ గింజలతోనే పోయిండని నేను చెప్పలేను, మిషిన్ గూడ చెప్పలేదు. కని నా మనసు గటే పోతాంది.

పెద్దమ్మకు, పాస్టరుగారికి నా వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యుమను. పిల్లలకు ముద్దులు.

ఇంకొకటి. ఉత్తరం అమ్మకు సదివి వినిపిచ్చేటప్పుడు బాపు ముచ్చట ఇడిసిపెట్టు. ఆయన పళ్లెంల రోజూ ఆ పుచ్చుగింజల పొడి ఏసింది ఆమెనే.

నీ చెల్లె
సుగుణ