తలుపు పక్కన రెండు బిళ్ళలు

ఆదివారం మధ్యాహ్నం,
కుట్టుమిషను దగ్గర నుంచి

పిచ్చుకా,

నీకు మీ పిన్ని దీవెనలు. మీ అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని ఉత్తరం మొదలుపెట్టాలని చిన్నప్పుడు బడిలో నేర్పారు. నేను చదివిన నాలుగు ముక్కల్లో గుర్తున్నది అదొక్కటే. ఇప్పుడు అదీ పనికి రాకుండా పోయింది. ఇక్కడ క్షేమం లేదు. అక్కడా లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గది తలుపు తీయడం లేదటగా. పెట్టిన కంచం పెట్టినట్టే వెనక్కి వస్తోందటగా. అందుకే కాగితం పట్టాను. ఫోనయితే నువ్వు ఎత్తవు. కాగితమయితే తలుపు కింద నుంచి లోపలికి తోసేయవచ్చు. మీ అమ్మకి అలాగే చేయమని చెప్పాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో, చదువుకున్నదానివి.

నీకు పిచ్చుక అని పేరు పెట్టింది మా అమ్మడే కదా. సెలవుల్లో నిన్ను మొదటిసారి మా ఇంటికి తీసుకొచ్చినప్పుడు, అమ్మా, నాతో ల్యాబులో పనిచేసేది ఇదే, మనిషి కాదు పిచ్చుక, గింజలేరుకున్నట్టు తింటుంది, కాస్త దీని సంగతి చూడు అంది. నువ్వు నన్ను ఆంటీ అన్నావు. ఆంటీ అని బట్టలు ఆలస్యమయినప్పుడు దెబ్బలాడేవాళ్ళు పిలుస్తారు, నువ్వు పిన్నీ అనమ్మా అన్నాను. ఆ రోజే మీ ఇద్దరి తెల్లకోట్లకీ కొలతలు తీసుకున్నాను. నీ కోటుకి జేబు లోతుగా పెట్టమని అది నా ప్రాణం తీసింది. ఎందుకే అంటే, బిస్కెట్ పొట్లం పట్టాలమ్మా, లేకపోతే ఇది సాయంత్రానికి కళ్ళు తిరిగి పడిపోతుంది అంది. తనకి మాత్రం మామూలు జేబే చాలంది.

మీరు ఏం పని చేస్తారే అని అడిగితే, నిప్పంటుకోని బ్యాటరీ చేస్తున్నాం పిన్నీ అన్నావు నువ్వు. నిప్పంటుకోదని ఎలా తెలుస్తుందే అన్నాను. అంటించి చూస్తాంగా అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

సరే, నిన్నటి సంగతి రాస్తాను. నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నిన్న మీ కాలేజీలో సభ జరిగింది. సైన్సు, ఇంజనీరింగు పిల్లలూ పంతుళ్ళూ ఏడాది పొడుగునా సాధించినవన్నీ ఒక్కరోజు వరసగా చెప్పుకుని బహుమతులు ఇచ్చుకుంటారట. అమ్మడి పేరు మీద జ్ఞాపిక ఇస్తాం, తల్లిగా మీరు వచ్చి అందుకోవాలి అని డీన్ గారి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మీ బాబాయి రానన్నాడు. బస్సు నడపడానికి వేరే డ్రైవరు దొరకలేదన్నాడు. దొరికాడని నాకు తెలుసు. అడగలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను.

హాలు చల్లగా ఉంది. ముందు వరసలో కుర్చీలకి పేర్ల కాగితాలు అంటించారు. నా కుర్చీ కాగితం మీద నా పేరు లేదు, తల్లి అని రాసి ఉంది. నా పక్క కుర్చీ నీది. చివరిదాకా ఖాళీగానే ఉంది. నీ పేరు పిలిచినప్పుడు అందరూ వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు. ఉత్తమ పరిశోధక విద్యార్థినివి నువ్వేనట. మళ్ళీ పిలిచారు. ఎవరూ లేవలేదు. అనారోగ్యం వల్ల రాలేకపోయింది అని మైకులో చెప్పి తర్వాతి పేరుకి వెళ్ళిపోయారు. నా వెనక ఎవరో ఒకమ్మాయి, ఏ మొహం పెట్టుకుని వస్తుందిలే అంది. తిరిగి చూశాను. తలొంచుకుంది.

అంతకుముందే డీన్ గారు పెద్ద తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడారు. ఎన్ని పేపర్లు వేశామో, ఎవరెవరు ఏ దేశాలు వెళ్ళి మాట్లాడి వచ్చారో, ఏ కంపెనీలు మన పిల్లల్ని ఎగరేసుకుపోయాయో అన్నీ చెప్పారు. అంతా బాగానే ఉంది, పిల్లలు కష్టపడ్డారు, వాళ్ళ తల్లుల మొహాలు వెలిగిపోతున్నాయి, వాళ్ళనేమంటాను. చివరికి, ఒక దురదృష్టకర సంఘటన మినహా ఈ ఏడు భద్రతలో కూడా మన కాలేజీదే మొదటి స్థానం అన్నారు. మినహా అంటే ఏమిటండీ అని అటు పక్కనున్నావిడని అడిగాను. అది కాకుండా అని అర్థమండీ అని నిదానంగా చెప్పింది. నేనెవరినో తెలియదు పాపం. అది కాకుండా అంటే నా కూతురు కాకుండా అన్నమాట. దాన్ని పక్కన పెట్టేస్తే అంతా భేషుగ్గా ఉందట. నేను అంగీ కుట్టి, ఒక చెయ్యి మినహా అంతా కుదిరిందండీ అంటే ఎవరైనా తొడుక్కుంటారా?

తర్వాత మీ ప్రొఫెసరు. మీరు గడియారం సారు అని పేరు పెట్టారే, ఎప్పుడూ టైము లేదు టైము లేదు అంటాడని, ఆయనే. ఉత్తమ అధ్యాపకుడట. నిప్పంటుకోని బ్యాటరీ కనిపెట్టినందుకు. శాలువా భుజం మీద సర్దుకుని, నా విద్యార్థినులు నాకు కన్నకూతుళ్ళ లాంటివాళ్ళు అన్నాడు. సోమవారం పెద్దవాళ్ళు బ్యాటరీ చూడడానికి వస్తున్నారు, ఆదివారం కూర్చుని ఎలాగైనా పరీక్ష ముగించండి అని ఆ కన్నకూతుళ్ళకి చెప్పింది ఈయనే. ఆయన అసలు కూతురు మా వెనక వరసలోనే కూర్చుని ఫోను చూసుకుంటోంది. దాని తప్పేమీ లేదు. పిల్ల చల్లగా ఉండాలి.

ఆ ప్రమాదం మీద కమిటీ వాళ్ళు రాసిన రిపోర్టు నీకు తెలిసిందేగా. అయినా రాస్తున్నాను, రాస్తే కడుపులో బరువు కాస్త దిగుతుందేమోనని. ల్యాబు తలుపు పక్కన చెక్క పలక, దాని మీద అందరి పేర్ల బిళ్ళలు. బిళ్ళకి ఒక వైపు ఆకుపచ్చ, ఒక వైపు ఎరుపు. లోపలికి వెళ్తే ఆకుపచ్చ కనబడేలా తిప్పాలి, బయటికొస్తే ఎరుపు. నిప్పుతో పని కాబట్టి ఒంటరిగా ఎవరూ ఉండకూడదు. ఒక్క బిళ్ళే ఆకుపచ్చగా ఉంటే వాచ్‌మన్ వచ్చి ఆ మనిషిని బయటికి పంపేయాలి. ఆ ఆదివారం రెండు బిళ్ళలు ఆకుపచ్చగా ఉన్నాయి. దానిదీ, నీదీ. ఇద్దరున్నారు కాబట్టి రూలు తప్పలేదు, రూలు తప్పలేదు కాబట్టి కాలేజీ తప్పు లేదు. తోటి అమ్మాయి మంచినీళ్ళకని బయటికి వెళ్ళినప్పుడు చనిపోయిన విద్యార్థిని అజాగ్రత్తగా పరీక్ష పెట్టె తెరిచింది, పొగ కమ్మేసింది. ఇదీ వాళ్ళు తేల్చింది. అజాగ్రత్త అనే మాట ఆ రిపోర్టులో మళ్ళీ మళ్ళీ ఉంది. కింద నీ సంతకం ఉంది.

ఆ రోజు అది నాకు ఫోను చేసింది. ఆ సంగతి చివర రాస్తాను. ఇక్కడ రాస్తే చెయ్యి ఆడదు, మిగతాది రాయలేను.

నిన్ను లోకం ఏమంటోందో నాకు తెలుసు. స్నేహితురాల్ని పొగలో వదిలేసి తన ప్రాణం దక్కించుకుంది అంటున్నారు. మా ఎదురింటావిడ అయితే, అమ్మాయి పోయిన రోజు వచ్చి నీ కాళ్ళ మీద పడి ఏడ్చిందే, ఎంత నటనో చూశావా వదినా అంది. ఆ మాట అన్నప్పటి నుంచి ఆవిడ బట్టలు కుట్టడం మానేశాను. సగం కుట్టినవి సంచీలో పెట్టి గుమ్మంలో పెట్టేసి వచ్చాను.

ఇక నన్ను పిలిచారు. వేదిక మీద దాని ఫొటో పెట్టారు. గుర్తింపు కార్డు మీది ఫొటోనే పెద్దది చేశారు, మొహం మసకేసింది. కోటు కాలరు మాత్రం నాకు తెలిసింది, నా కుట్టు కదా. డీన్ గారు గాజు పలక చేతిలో పెట్టి, పరిశోధనకి ఆమె చేసిన అంకితభావ సేవకి అని చదివారు. ఫొటో కోసం ఇటు చూడమ్మా అన్నారు. నేను చూడలేదు. మైకు దగ్గరే ఉంది. నేనెప్పుడూ మైకులో మాట్లాడలేదు పిచ్చుకా, బారసాలకి నలుగురిలో పాట పాడమంటేనే పారిపోయేదాన్ని. కానీ అడిగాను. అయ్యా, మా అమ్మాయి అజాగ్రత్త మనిషయితే ఈ బహుమతి ఎందుకు? జాగ్రత్త మనిషయితే ఆ రిపోర్టు ఎందుకు? రెంటిలో ఒకటి వెనక్కి తీసుకోండి, ఏది తీసుకున్నా సరే అన్నాను.

గడియారం సారు బూట్ల వంక చూసుకున్నాడు. అప్పుడు మైకు పట్టుకున్న కుర్రపంతులు, తల్లి మనసు ఎంత గొప్పదో చూడండి, అందరూ లేచి చప్పట్లు కొట్టండి అన్నాడు. కొట్టారు. లేచి మరీ కొట్టారు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. నా ప్రశ్నని చప్పట్లలో ముంచేసి నన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపేశారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ గాజు పలక తెచ్చాను. గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా బరువుకి పెట్టుకుంటున్నాను. దానికి అంతకంటే మంచి పని దొరకలేదు. మీ బాబాయి దాని వంక చూడకుండా తిరుగుతున్నాడు.

ఉంటాను తల్లీ. నీ కోటు ఇంకా నా దగ్గరే ఉంది, గుండీ ఊడిందని ఇచ్చావు గుర్తుందా. కుట్టి ఉంచాను. నువ్వొచ్చి తీసుకెళ్ళాలి, పోస్టులో పంపను.

ఇట్లు,
మీ పిన్ని

తా.క.: ఇప్పుడు ఆ ఫోను సంగతి.

ఆ మధ్యాహ్నం అది ల్యాబులో నుంచే చేసింది. తిన్నావా అంటే తింటాలే అంది. పిచ్చుక ఏదే, దాన్ని పిలువు అన్నాను. అదిక్కడెందుకు ఉంటుందమ్మా, బలవంతంగా సినిమాకి తోలేశాను, వారమంతా మొహం వేలాడేసుకుని ఉంది, ఒక్కపూట నవ్వి రానీ అంది. ఒక్కదానివే ఉండకూడదంటారుగా అంటే, దాని బిళ్ళ కూడా తిప్పేశానులే, మాలో ఇది మామూలే, తోడు పెట్టుకోవడం అంటాం, నా బిళ్ళ వాళ్ళు ఎన్నిసార్లు తిప్పలేదు అని నవ్వింది. అదే నేను విన్న ఆఖరి నవ్వు.

కాబట్టి నువ్వు లోపల లేవు పిచ్చుకా. దాన్ని వదిలి పారిపోలేదు. మంచినీళ్ళకీ వెళ్ళలేదు. ఈ మాట కమిటీకి అప్పుడే చెప్పాను. పోయిన పిల్ల సరదాకి ఫోనులో అన్నది సాక్ష్యం కాదమ్మా, ఉన్న పిల్ల తానున్నానని సంతకం పెట్టింది అన్నారు. ఆ సంతకం నీ చేత ఎవరు పెట్టించారో, నీ చదువు పోతుందని ఎవరు బెదిరించారో ఊహించగలను. నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. నీ సంతకంతోనే నా కూతురు అజాగ్రత్త మనిషయింది. కానీ అదే సంతకంతో నువ్వు చేయని పాపం నెత్తినేసుకుని గదిలో కూర్చున్నావు. సినిమాకి పంపింది అది. నువ్వు నవ్వి రావాలని పంపింది.

నిన్న సభ అయ్యాక ఆ పాత ల్యాబు వైపు వెళ్ళాను. తలుపుకి సీలు వేశారు. వాచ్‌మన్ అడ్డొచ్చి, అక్కా ఇటు రాకూడదు అన్నాడు. మళ్ళీ నా మొహం చూసి, మీకు మంచినీళ్ళు తెస్తానుండండి అని వెళ్ళిపోయాడు. ఇతను నిజంగానే మంచినీళ్ళకి వెళ్ళాడు. చెక్క పలక అలాగే ఉంది, దుమ్ము కొట్టుకుని. మీ ఇద్దరి బిళ్ళలూ ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి. నీ బిళ్ళ ఎర్రవైపుకి తిప్పేశాను. దానిది ముట్టుకోలేదు. అది బయటికి రాలేదుగా. ఇప్పుడా పలక ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. ఇక నువ్వు చెప్పాలి. నేను చెబితే తల్లి ఏడుపు, నువ్వు చెబితే సాక్ష్యం. ఎప్పుడు చెబుతానంటే అప్పుడు నీ పక్కన నేను నిలబడతాను.

అది తర్వాత. నిలబడడానికి ముందు ఒంట్లో సత్తువ ఉండాలి. నువ్విప్పుడు బయటే ఉన్నావు తల్లీ. తలుపు తీసి, మీ అమ్మ పెట్టింది కడుపు నిండా తిను.