కడిగిన ట్రే విషయమై హిల్డా ఓల్డ్‌రాయిడ్ వీలునామా

వెస్ట్ యార్క్‌షైర్, బ్యాట్లీ పట్టణం, మిల్ రో, 14వ నంబరు ఇంట్లో కాపురముంటున్న హిల్డా మార్గరెట్ ఓల్డ్‌రాయిడ్ అను నేను, కీర్తిశేషులు నార్మన్ ఓల్డ్‌రాయిడ్ భార్యను, వయస్సు ఎనభై నాలుగు సంవత్సరాలు, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. నా తుంటి సరిగా లేదు, మతి సరిగానే ఉంది. కిందటి వారం డాక్టరుగారు నూరు నుంచి ఏడేసి చొప్పున తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. రెండు దాకా వచ్చి ఇంకా కావాలా అని అడిగాను. నా మీద ఎవరి బలవంతమూ లేదు. బెరిల్ బలవంతం చేయబోయింది, ఆమె సంగతి అయిదో అంశంలో వస్తుంది. ఇంతకు మునుపు రాసినవన్నీ రద్దు.

1. దీని అమలుదారుగా లాయరు మిస్టర్ క్రాబ్‌ట్రీని నియమిస్తున్నాను. ఆయన దీన్ని నా భోజనాల బల్ల దగ్గర, మా వాళ్లందరి ముందూ, ఒక్క ముక్క దాటవేయకుండా బిగ్గరగా చదవాలి. ముఖ్యంగా ఎనిమిదో అంశం. అప్పటికి బెరిల్ కోటు తొడుక్కుని లేచి ఉంటే మళ్లీ కూర్చోబెట్టి చదవాలి. "ఇది వీలునామాలా లేదండీ, కొంచెం సరిచేసి రాస్తాను" అన్నారాయన. పోయేది నేను, మీరు కాదు అన్నాను. సరిచేయలేదు.

2. ఈ ఇల్లు, ఇంట్లోని సామాను, బ్యాంకులో ఉన్నది, నా ఒక్కగానొక్క కొడుకు కీత్‌కు సర్వహక్కులతో చెందుతాయి. ఇల్లు అమ్ముకోవచ్చు. గ్యాస్ ఓవెన్ పాతదే అయినా పనిచేస్తుందని కొనేవాళ్లకు చెప్పాలి.

3. పై అంశంలో ఏమి రాసి ఉన్నా, చిప్స్ వేయించే బాణలి మాత్రం కీత్‌కు చెందదు. పదిహేడేళ్లప్పుడు దాన్ని పొయ్యి మీద పెట్టి ముందు గదిలోకి ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లాడు. ఫైరింజను వచ్చింది. కర్టెన్లు పోయాయి. చిప్స్ మాత్రం, నిజం చెప్పాలి కదా, బాగానే వేగాయి. బాణలి పక్కింటి మిస్టర్ హార్గ్రీవ్స్‌కు ఇవ్వాలి. ఆయన పొయ్యి ముందు నుంచి కదిలే మనిషి కాదు. ముప్పై ఏళ్లుగా ప్రతి శుక్రవారం గోడ మీంచి తొంగిచూసి "ఇవాళ చేపలా, హిల్డా?" అని అడుగుతున్నాడు. శుక్రవారమంటే మా వైపు చేపలే, ఇంకేం ఉంటాయి? అయినా ఆ అడగడం నాకు ఇష్టం. ఎప్పుడూ ఒక ముక్క ఎక్కువే వేయించాను.

4. నా మనవరాలు రూత్ మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏదీ ముట్టదు. క్రిస్మస్ రోజున గింజలతో చేసిన ముద్ద ఒకటి తెచ్చుకుని మా మధ్య కూర్చుని తింటుంది. నేను ఏమీ అనలేదు. ఏమీ అనలేదని అందరికీ చెప్పాను. పెరట్లో పుల్లటి కాడల కోసం పెంచే రూబార్బ్ దుంపలు రూత్‌కు. చలికాలంలో తవ్వి తీసుకెళ్లి నాటుకోవాలి. మొదటి ఏడాది కాడలు కొయ్యకూడదు, ఓపిక పట్టాలి. ఆ పిల్లకు ఓపిక ఉంది, మా వైపు నుంచి వచ్చింది మాత్రం కాదు. కిందటేడు దాని కోసం వెన్న మానేసి మార్గరిన్‌తో రూబార్బ్ క్రంబుల్, కాడల మీద పొడిపిండి చల్లి కాల్చేది, చేశాను. తేడా ఎవరూ పోల్చుకోలేదు. నేనూ చెప్పలేదు.

5. నార్మన్ చెల్లెలు బెరిల్‌కు నీలం పువ్వుల గ్రేవీ గిన్నె. మా అత్తగారు పోయిన దగ్గర నుంచి "అది అమ్మ నాకిస్తానంది కదా వదినా" అంటూనే ఉంది. ఆదివారం భోజనానికి కూర్చుని, అదే గిన్నెలోంచి మూడోసారి వంపుకుంటూ అంటుంది. ఇస్తున్నాను. షరతు ఏమంటే, అందులో పోసే గ్రేవీ మాంసం వేగిన పెనంలో దిగిన రసంతోనే చెయ్యాలి. డబ్బాలోని పొడిని వేడినీళ్లలో కలిపి పోయకూడదు. ఆమె పొడే వాడుతుంది. డబ్బాను ఓట్స్ సంచి వెనక దాస్తుంది. నాకు 1978 నుంచి తెలుసు.

6. నా అంత్యక్రియల తర్వాత వచ్చినవాళ్లకు హామ్ పెట్టాలి. ఉప్పు పట్టించిన పంది తొడను ఎముకతో సహా ఉడికించి ఇంట్లో కోసిన హామ్. వెలుతురు కనబడేంత పల్చగా కోసి దుకాణాల్లో అమ్మేది కాదు. టీ నాలుగు నిమిషాలు నానాలి. చర్చి హాల్లో వాళ్లు రెండు నిమిషాలకే పోసేస్తారు, ఎవరో ఒకరు పక్కన నిలబడి చూడాలి.

7. యార్క్‌షైర్ పుడ్డింగ్ ట్రే. పన్నెండు గుంటలది. మా అమ్మ నాకు పెళ్లికి ఇచ్చింది, అప్పటికే నల్లగా ఉంది. పిండి ఎంతో గుడ్లు అంత, పాలు అంత, కొలతకు ఒకటే కప్పు. గంటసేపు పక్కన పెట్టాలి. గుంటల్లో గొడ్డు కొవ్వు వేసి, పొగ వచ్చేదాకా కాచి, అప్పుడు పొయ్యాలి. పొంగి గిన్నెల్లా నిలబడతాయి. గ్రేవీ పోసుకుని తినాలి. రెండే నియమాలు. ట్రేని సబ్బుతో కడగకూడదు, కాగితంతో తుడవాలి, ఆ నలుపు ఉంటేనే పొంగుతాయి. కాలుతున్నంతసేపూ ఓవెన్ తలుపు తెరవకూడదు, గాలి తగిలితే కూలబడతాయి.

ఈ ట్రేని నా కోడలు ఫిలిప్పాకు ఇస్తున్నాను. బెరిల్ ఇక్కడ ఏదో అంటుంది. మిస్టర్ క్రాబ్‌ట్రీ ఆమె అనేది పూర్తయ్యేదాకా ఆగి, ఎనిమిదో అంశం చదవాలి.

8. ఫిలిప్పా మా యార్క్‌షైర్ పిల్ల కాదు, దక్షిణాదిది, సర్రే నుంచి వచ్చింది. 1992 వసంతంలో, కొత్త కోడలుగా, ఆదివారం భోజనమయ్యాక సాయం చేద్దామని ఈ ట్రేని సబ్బు పెట్టి, ఇనుప పీచుతో నలభై నిమిషాలు తోమింది. తెచ్చి చూపించింది. "చూశారా మిసెస్ ఓల్డ్‌రాయిడ్, కొత్తదానిలా మెరిసిపోతోంది!" మా అమ్మ నాటి నలుపు, దాని మీద నా ముప్పై ఏళ్ల నలుపు, అంతా పోయింది. నేను థాంక్స్ అన్నాను. ఎలా అన్నానో అక్కడ ఉన్నవాళ్లందరికీ గుర్తే.

తర్వాతి ఆదివారం బల్ల దగ్గర తొమ్మిది మంది ఉన్నారు. నేను తెచ్చి పెట్టిన పుడ్డింగులు పన్నెండూ అట్టల్లా ఉన్నాయి. "సర్రేలో వీటిని చెప్పుల్లోకి వేసుకుంటారు కాబోలు" అంది బెరిల్. బల్ల బల్లంతా నవ్వింది. కీత్ నవ్వలేదు. ఫిలిప్పా లేచి వెళ్లి సామాన్ల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఆ కథ బెరిల్ నోట పెళ్లిళ్లలో, బారసాలల్లో, నార్మన్ అంత్యక్రియల్లో కూడా విన్నాను.

ఇప్పుడు జరిగింది చెబుతున్నాను. ఆ రోజు పుడ్డింగులు పొంగాయి. పావుగంట అయ్యాక తలుపు సందు చేసి చూశాను. కడిగిన ట్రేలో, అన్నీ సమంగా, బంగారు రంగులో, మా అమ్మవాటి కంటే ఎత్తుగా నిలబడి ఉన్నాయి. అప్పుడు నేను తలుపు బార్లా తెరిచి ముప్పై అంకెలు లెక్కపెట్టాను. కూలిపోవడం కళ్లారా చూసి, మూసి, కాసేపాగి వడ్డించాను.

ఎందుకు చేశానని అడిగితే, అవి పొంగితే నా నలుపుకు విలువ లేదని తేలిపోతుంది. ఇంకా అడిగితే, వాడు నా కొడుకు. ఇంతకు మించి సంజాయిషీ నా దగ్గర లేదు.

నార్మన్ నాలుగు తిన్నాడు. మర్నాడు పొద్దున "ఓవెన్ తలుపు కీలుకి నూనె వెయ్యాలే హిల్డా, ముందు గదిలోకి వినబడుతోంది" అన్నాడు. నూనె వేశాడు. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. మంచివాడు. ఎత్తి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి ఫిలిప్పా ఈ వంటింట్లో గరిటె పట్టలేదు. నేను పట్టనివ్వలేదు అనడం సరైన మాట. ముప్పై ఒక్క ఏళ్లుగా గిన్నెలు మాత్రం తుడుస్తోంది, ట్రేని పక్కకు జరిపి తుడుస్తోంది. నా తుంటి విరిగినప్పటి నుంచి ప్రతి ఆదివారం నలభై నిమిషాలు కారు నడుపుకుంటూ వచ్చి, స్టూలు మీద కూర్చుని దుంపల చెక్కు తీస్తోంది. కాగిన కొవ్వుతో ఉన్న ట్రేని నేనిప్పుడు ఎత్తలేను. మార్చి నుంచి ఈ ఇంట్లో దుకాణంలో కొన్న గడ్డకట్టిన పుడ్డింగులు తింటున్నాం. నేను పోయాక ఆదివారం భోజనమే ఉండదు. దాన్ని నిలబెట్టగలిగిన ఒక్క మనిషికీ అది చేతకాదని చెప్పి నమ్మించింది నేనే. నాకు సిగ్గుగా ఉంది.

9. ఫిలిప్పా నన్ను ఇప్పటికీ మిసెస్ ఓల్డ్‌రాయిడ్ అనే పిలుస్తుంది. వేరేలా పిలవమని నేను ఎన్నడూ అనలేదు. నా తదనంతరం ఆమె నన్ను హిల్డా అని పేరు పెట్టి పిలుచుకోవచ్చు. నేను పలకను, అది వేరే సంగతి.

10. చచ్చాక లాయరు చేత చదివించడం పిరికిపని అని నాకు తెలుసు. నా నోటితో చెప్పాలని చూస్తున్నాను. పోయిన ఆదివారం మొదలుపెట్టి, మాట మార్చి ఉప్పు అందించమన్నాను. ఈ అంశం చదివే రోజుకు ఇంకా ఇక్కడే ఉందంటే, నాకు ధైర్యం చాలలేదని అర్థం.

2023 అక్టోబరు 9, సోమవారం, బ్యాట్లీలో.

(సంతకం) హిల్డా ఎం. ఓల్డ్‌రాయిడ్

సాక్షులు: జాయిస్ మిడ్‌గ్లీ, 18వ నంబరు; డెరిక్ మిడ్‌గ్లీ, అదే ఇల్లు. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు వీలునామాలో ఏమీ ముట్టదట. ఆ మాట వినగానే హార్గ్రీవ్స్ కలం కింద పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

పై వీలునామాకు అనుబంధం

నిన్న ఆదివారం. మాంసం ఓవెన్‌లోంచి దించి పక్కన పెట్టాం. కీత్ ముందు గదిలో ఉన్నాడు. ఎనిమిదో అంశంలో రాసిందంతా ఫిలిప్పాకు నా నోటితో, కాగితం చూడకుండా చెప్పాను.

ఆమె చాకు కింద పెట్టింది. "అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు" అంది. "రెండు నెలలు ఇంట్లో దొంగచాటుగా చేసి చూసుకున్నాను. ప్రతిసారీ పొంగాయి. మీ ఇంట్లో ఎందుకు పొంగలేదా అని ఇన్నేళ్లూ నా చేతులనే తిట్టుకున్నాను." తప్పు నాది అన్నాను. ఆమె పెరట్లోకి వెళ్లి రూబార్బ్ మడి దగ్గర చాలాసేపు నిలబడింది. వెళ్లిపోతుందనే అనుకున్నాను. కోటు కొక్కెం మీదే ఉంది కనుక కొంచెం ఆశ పెట్టుకున్నాను. ఏడ్చాను కూడా.

లోపలికి వచ్చి ఒకటే కప్పుతో పిండి, గుడ్లు, పాలు కొలిచింది. గంటసేపు పక్కన పెట్టింది. ఆ గంటా ఇద్దరం ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్నాం. ట్రే తీసింది. కొవ్వు కాచింది. పోసింది. ఓవెన్ తలుపు మూసి, దాని ముందు స్టూలు వేసుకుని, నా వంక చూస్తూ ఇరవై నిమిషాలు అక్కడే కూర్చుంది. నన్ను నమ్మలేదు. అలాగే చెయ్యాలి.

పన్నెండూ పొంగాయి. ఒకటి పై అరకు అంటుకుంది. మాంసం చల్లారిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ తానే వడ్డించి, కూర్చుని, చెయ్యి చాపింది. "గ్రేవీ ఇటివ్వు, హిల్డా" అంది. కీత్ తింటున్నవాడు ఆగిపోయాడు. నేను ఇచ్చాను.

కాబట్టి తొమ్మిదో అంశం నా అనుమతి లేకుండానే అమలైనందున రద్దు. పదో అంశం రద్దు. ట్రే నిన్ననే ఆమె కారులో వెళ్లింది. వచ్చే ఆదివారం తానే తెస్తానంది. ఎనిమిదో అంశం మాత్రం ఉన్నదున్నట్టు ఉంటుంది. బెరిల్ ఇంకా వినలేదు.

2023 అక్టోబరు 23, సోమవారం.

(సంతకం) హిల్డా

సాక్షులు: జాయిస్ మిడ్‌గ్లీ, డెరిక్ మిడ్‌గ్లీ