నవోదయకి ఇద్దరు

ఆగస్టు 5, సోమవారం

నవోదయ పరీక్షకి అప్లికేషన్లు మొదలయ్యాయి. ఐదో తరగతి తల్లిదండ్రులకి మీటింగ్ పెట్టాను. నలుగురు వచ్చారు. అందులో ఒకావిడ రేషన్ కార్డు సంగతి అడగడానికి వచ్చింది.

ఆరు నుంచి పన్నెండు దాకా చదువు, హాస్టలు, తిండి, బట్టలు అన్నీ గవర్నమెంటే చూసుకుంటుంది, ఒక్క పరీక్ష రాయించండి చాలు అని గొంతు చించుకున్నాను. ఆటో నడిపే అప్పలనరసింహం అంతా శ్రద్ధగా విని, అంత మంచిదైతే ఆ పరీచ్చ మీరే రాసీండి టీచరమ్మా, మా గుంటడికెందుకు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోయింది.

ఈ స్కూలుకి వచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడి నుంచి ఒక్కరు కూడా నవోదయకి వెళ్ళలేదు. తెలివి లేక కాదు, రాయించేవాళ్ళు లేక.

ఆగస్టు 7

ఈ క్లాసులో సీటు కొట్టే పిల్ల ఎవరంటే కళ్ళు మూసుకుని చెబుతాను. భరణి. రైల్వే గేటు దగ్గర కిరాణా కొట్టు పద్మకుమారి కూతురు. లెక్క చేశాక మళ్ళీ మొదటి నుంచి చేసి చూసుకుంటుంది. కొట్లో చిల్లర ఇచ్చేటప్పుడు రెండుసార్లు ఎంచి ఇమ్మని తల్లి నేర్పిన అలవాటు. క్లాసులో అందరికీ చూపిస్తాను, పని అంటే అలా ఉండాలి అని.

సాయంత్రం కొట్టుకి వెళ్ళాను. పద్మకుమారి కందిపప్పు తూస్తూనే విన్నది. విని, పదేళ్ళ గుంటని ఎలగ తోలెత్తాం టీచరమ్మా అంది. జొరం వస్తే ఎవులు సూత్తారు, తలకి నూనె ఎవులు రాత్తారు, రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తాది, పక్కన నేను నేకపోతే ఎలగ అంది. నర్సు ఉంటుంది, వార్డెన్ ఉంటుంది, తోటి పిల్లలు ఉంటారు అన్నాను. నర్సు తల దువ్వుతాదేటి అంది. లోపల బస్తాలు సర్దుతున్న భర్త కామేష్, దాని మాటే నా మాటండి అన్నాడు. ఇలాంటప్పుడు మగవాళ్ళకి పెళ్ళాం మీద ఎంత గౌరవం పుట్టుకొస్తుందో.

సెంటిమెంటు. అంతా సెంటిమెంటు. బంగారం లాంటి పిల్లని కొట్లో కూర్చోబెట్టి పప్పులు తూయిస్తారు.

ఆగస్టు 12, రాత్రి

మా ఇంట్లో ఇంకో రకం.

గవర్నమెంటు టీచర్ పిల్ల గవర్నమెంటు స్కూల్లో చదవకపోతే ఎలా అని సంహితని నా స్కూల్లోనే వేసుకున్నాను. రోజూ చీపురుపల్లి నుంచి స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాను. మా ఆయన శ్రీరామ్‌కి ఆ కోపం ఒకటో తరగతి నుంచీ ఉంది. ఇవాళ అన్నం తింటూ ఫోన్ చూపించాడు. విజయనగరంలో వాళ్ళ ఆఫీసు కొలీగ్ కొడుకు, ఐదో తరగతే, ఫౌండేషన్ కోచింగ్. రోజూ టెస్టు, రాత్రికల్లా తండ్రి ఫోన్‌కి ర్యాంకు. ఆ పిల్లాణ్ణి నిద్రలో లేపి అడిగినా పంతొమ్మిదో ఎక్కం చెబుతాడట. నిద్రలో ఎందుకు లేపడం అని అడిగాను. నీతో మాట్లాడలేం అన్నాడు.

అక్కడ తల్లికి పరీక్షంటే భయం. ఇక్కడ తండ్రికి పరీక్షంటే పిచ్చి. నా మాట వినేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆగస్టు 21

మళ్ళీ కొట్టుకి వెళ్ళాను. ఇది నాలుగోసారి. కొనడానికేమీ లేకపోయినా ఆవాలు కొన్నాను. ఇంట్లో ఆవాలు డబ్బా నిండిపోయింది.

ఈసారి పద్మకుమారి సూటిగా అడిగింది. మీ పాపా అయిదే కదా, మీరు తోలతారేటి అంది. మా సంహితకి అన్ని మార్కులు రావు పద్మా, అది తొందర మనిషి, ప్రశ్న పూర్తిగా చదవదు అన్నాను. నేనడిగింది మార్కులు కాదు టీచరమ్మా, తోలతారా నేదా సెప్పండి అంది.

తోలతాను అన్నాను. గట్టిగానే అన్నాను. కొట్లో ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు.

అయితే ఇద్దరికీ రాయించండి, ఒకరికొకరు తోడుంటారు అంది.

ఆగస్టు 22

పద్మకుమారి సంతకం పెట్టింది. దాంతోపాటు, తల్లి సంతకం దగ్గర నేను పెట్టిన సంహిత అప్లికేషన్ కూడా అప్‌లోడ్ చేశాను. సంహితకి ఎలాగూ రాదు. భరణికి తోడు, అంతే.

సెప్టెంబర్ 18

స్కూలయ్యాక గంటసేపు ఇద్దరికీ క్లాసు. హెడ్మాస్టరు జగన్నాధం గారు తాళాలు ఇచ్చి ముందే వెళ్ళిపోతారు. ఇంకో ముగ్గుర్ని కూడా కూర్చోబెట్టాను, వారం తిరక్కుండా జారిపోయారు. ఒకడి తల్లి రేఖ వచ్చి, ఆడొస్తే గాని సంటిదాన్ని ఎత్తుకునీవోళ్ళు నేరు అంది. సంటిదాన్ని కూడా తీసుకురమ్మన్నాను. నిజంగానే పంపింది. రెండు రోజులు సంటిదాన్ని ఎత్తుకుని భిన్నాలు చెప్పాను. మూడో రోజు వాడూ రాలేదు, సంటిదీ రాలేదు.

అలిసిపోయాను. వాళ్ళ పిల్లల కోసం వాళ్ళని నేను బతిమాలడం ఏమిటి?

నవంబర్ 19

ఓఎంఆర్ షీట్లు జిరాక్స్ తీయించి, టైం పెట్టి రాయించాను. రెండు గంటలు, ఎనభై ప్రశ్నలు.

భరణి అరవైకి ఆగిపోయింది. చేసినవన్నీ కరెక్టు. సంహిత ఎనభై చేసేసి పెన్సిలు నములుతూ కూర్చుంది. సగం కరెక్టు, సగం గుడ్డి దెబ్బ. ఆ గుడ్డి దెబ్బల్లో కూడా కొన్ని తగిలాయి. తప్పుకి మార్కులు కొయ్యరు కదా.

భరణిని పక్కకి పిలిచి, మళ్ళీ చూసుకోకు, ఒకసారి చేసి ముందుకి వెళ్ళిపో అన్నాను. ఆ పిల్ల నన్ను అదోలా చూసింది. సూసుకోకుండా ఎలగిచ్చెత్తాం టీచర్, తప్పయితే అంది. ఇది వేరే టెస్టమ్మా అన్నాను. ఏటి తేడా అంది.

ఏం చెప్పను? ఒకటో తరగతి నుంచి దాన్ని మెచ్చుకున్నది ఆ గుణానికే. ఇప్పుడు అదే వదిలెయ్యమంటున్నాను. ఈ పరీక్ష తయారు చేసినవాళ్ళెవరో ఒకసారి వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చోవాలి.

డిసెంబర్ 8, ఆదివారం

శ్రీరామ్‌కి హుషారు వచ్చింది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి సంహిత చేత మెంటల్ ఎబిలిటీ బొమ్మలు చేయిస్తున్నాడు. అద్దంలో బొమ్మ ఎటు తిరుగుతుందో తండ్రీకూతుళ్ళు కొట్టుకుంటున్నారు. అది ముప్పావు వంతు చూడకుండానే చెబుతుంది, ఆయన శభాష్ అంటాడు. చదివి చెప్పమనండి అని వంటింట్లోంచి అరిచాను. స్పీడు ముఖ్యం అని హాల్లోంచి అరిచాడు.

జనవరి 7

భరణి అరవై ఎనిమిది దాకా వచ్చింది. రెండోసారి చూడనని ఒట్టు పెట్టించుకున్నాను. పెదాలు బిగించి రాసింది. చూడకుండా వదిలేసిన ప్రతి లెక్క మీదా ఒకసారి వేలు ఆనించి తీసేస్తోంది, నేను చూస్తున్నాను.

జనవరి 18, శనివారం

పరీక్ష.

చీపురుపల్లిలోనే సెంటరు. గేటు బయట తిరణాల. కార్లు, ఆటోలు, తాతలు, గుడి కుంకం బొట్లు. ఒకాయన పిల్లాడి గడ్డం పట్టుకుని ఆఖరి నిమిషంలో వర్గమూలాలు అప్పజెప్పించుకుంటున్నాడు, ఆ పిల్లాడు గుడ్లనీళ్ళు కుక్కుకుని చెబుతున్నాడు. ఒక తల్లి కూతురి నోట్లో పెరుగన్నం కుక్కుతోంది. వీళ్ళని చూస్తే నాకు కోపం రావాలి. కానీ సంహిత హాల్ టికెట్ నేను అప్పటికి మూడుసార్లు తడిమి చూసుకున్నాను. ఇంకెవరి మీద కోపం?

పద్మకుమారి కొట్టు మూసి వచ్చింది. కొట్టు మూయడం నేనెప్పుడూ చూడలేదు. భరణి తలకి నున్నగా నూనె రాసి రెండు జడలు వేసింది. లోపలికి వెళ్తుంటే మాత్రం, బాగా రాయి అనలేదు. నీళ్ళు తాగు అంది.

ఒంటిగంటన్నరకి గేటు తీశారు. ముందు సంహిత పరిగెత్తుకొచ్చింది. ఈజీ అమ్మా, రానివాటికన్నింటికీ సి పెట్టేశా అంది. వెనకాల భరణి వచ్చింది. స్కూటీ దాకా వచ్చాక, పద్నాలుగు అవనేదు టీచర్ అంది. ఎందుకమ్మా అంటే, ఒట్టు తప్పీసాను, సూసుకున్నాను అంది. పద్మకుమారి దాని తల మీద చెయ్యి వేసి, పోనీలే, అన్నం తిందాం రా అంది.

జనవరి 19

సి పెట్టేసిందట. అన్నింటికీ.

మార్చి 25, మంగళవారం

సంహితకి వచ్చింది. భరణికి రాలేదు.

మూడుసార్లు రోల్ నంబర్ కొట్టి చూశాను. నెట్‌వర్క్ తప్పేమో అని జగన్నాధం గారి ఫోన్లో కూడా చూశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపి, స్కూలు చరిత్రలో మొదటి సీటమ్మా, ఫ్లెక్సీ కట్టిస్తాను అన్నారు. వద్దు సార్ అన్నాను. అప్పలనరసింహం ఆటో ఆపి మరీ, పరీచ్చ మీరే రాసీసినట్టున్నారే టీచరమ్మా అని నవ్వాడు.

ఇద్దరికీ చెప్పింది నేనే. ఎవరికి ఎంత వచ్చో నాకు తెలుసు. ఏ కాగితం వచ్చి చెప్పినా నమ్మను. నా కూతురికి సీటొస్తే నాకు ఏడుపొస్తోంది, అది సంతోషం కాదు.

మార్చి 26

పద్మకుమారి బెల్లం మిఠాయి పొట్లం పట్టుకుని స్కూలుకే వచ్చింది. క్షమించమని అడుగుదామనుకున్నాను. నన్ను మాట్లాడనివ్వలేదు. మా గుంట రాత్రంతా ఏడిసింది టీచరమ్మా, నాను మాత్రం హాయిగా నిద్దరోయాను, పాపిష్టిదాన్ని అంది. నవ్వుతూనే అంది. కళ్ళు తుడుచుకుంది కూడా.

లేవబోతూ, మీ పాపని ఎప్పుడు తోలతారు అని అడిగింది. వెటకారం లేదు. ఉంటే బావుండేది.

ఏప్రిల్ 9

శ్రీరామ్ మాట మార్చాడు. గవర్నమెంటు హాస్టలా అని మొహం చిట్లించే మనిషి, ఆఫీసులో స్వీట్లు పంచాడట. కొలీగ్ కొడుక్కి రాలేదట. అది ముఖ్యం.

నేను కారణాలు వెతుకుతున్నాను. సంహితకి చలికాలం పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ ఎవరు గుర్తు చేస్తారు? వంకాయ ముట్టదు. జుట్టు చిక్కు తీయించుకోదు, నేను తప్ప ఎవరు దువ్వినా అరుస్తుంది. రాత్రి ఇదంతా వరసపెట్టి చెబుతుంటే శ్రీరామ్, మరి ఏడాదంతా ఊళ్ళోవాళ్ళకి ఏం చెప్పావు అన్నాడు.

వాళ్ళకి చెప్పింది అబద్ధం కాదు. మంచి స్కూలే. మంచి చదువే. కానీ నాకు భయంగా ఉంది. పద్మకుమారికి ఆ భయం ఉన్నప్పుడు దాన్ని సెంటిమెంటు అన్నాను. ఇప్పుడు నాది ఏమిటి?

పంపకూడదు. పంపను. భరణికి రాని చోటికి నా కూతురెందుకు అని చెబితే అందరూ మెచ్చుకుంటారు కూడా.

ఏప్రిల్ 10, తెల్లారి

మెచ్చుకుంటారు. కానీ అది నిజం కాదు. నేను ఉండలేను, అదీ నిజం.

ఏప్రిల్ 13

ఈ గొడవంతా అయ్యాక తెలిసింది, సంహితని ఎవరూ అడగలేదని. నేనూ, దాని తండ్రీ, జగన్నాధం గారూ, ఫ్లెక్సీ, అందరం మాట్లాడాం. ఇవాళ తలంటు పోస్తూ అడిగాను, వెళ్తావా అని.

వెళ్తాను అంది. సబ్బు కళ్ళలో పడుతున్నా గబుక్కున అంది. ఈసారి మాత్రం ప్రశ్న పూర్తిగా విన్నది. ఎందుకే అంటే, అక్కడ మా అమ్మ టీచర్ కాదు కదా అంది.

ఏమర్థం అని అడిగాను. క్లాసులో ఎవరు అల్లరి చేసినా ముందు నన్నే కొడతావు, వేరేవాళ్ళేమీ అనుకోకూడదని అంది. నాకు రైట్ వచ్చినా భరణినే చూపిస్తావు అంది. ఏడవలేదు. మామూలుగా చెప్పింది. చలేస్తోంది, నీళ్ళు పొయ్యి అమ్మా అంది.

జూన్ 19, గురువారం, రాత్రి

దింపి వచ్చాం. ట్రంకు పెట్టె, బకెట్టు, మగ్గు, పరుపు. పొద్దున జడ బిగించి వేశాను, రెండు రోజులైనా ఉండాలని. డార్మిటరీలో పై మంచం నాది అని పరుగెత్తి ఎక్కేసింది. కిందికి రమ్మంటే రాలేదు. పైనుంచే చెయ్యి ఊపింది. శ్రీరామ్ దారంతా ముక్కు చీదుతూనే ఉన్నాడు. నేను ఏడవలేదు. ఇల్లు చేరాక స్కూటీ కడిగాను. కడిగిందే మళ్ళీ కడిగాను.

జూన్ 20

మా స్కూలు ఏడు దాకా ఉంది, ఈ ఏడాది ఆరో తరగతి నాకిచ్చారు. పొద్దున హాజరు. సంహిత పేరు ఇంకా కొట్టెయ్యలేదు, చూసుకోకుండా చదివేశాను.

ఎవరూ పలకలేదు. తర్వాత భరణి లేచి నిలబడి, ప్రెజెంట్ టీచర్ అంది. తన పేరుకి అప్పటికే పలికింది.

టిక్కు పెట్టాను.