ఖాళీ టాంకీకి ప్రార్థన

పటాన్‌చెరు జక్కరయ్య బావకు, వందనాలు ముందు పెట్టి, కోపం వెనుక పెట్టి నీ బావమరిది రాయునది.

కార్డు అందింది. కొట్టంలో పడి ఉన్న పాత లారీ పెట్రోలు టాంకీకి చిల్లు పడిందనీ, అక్కడే నిప్పుతో కాల్చి మాటు వేయిస్తాననీ, పనికి ముందు నేను వచ్చి దాని మీద కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేయాలనీ రాశావు. "ఎండాకాలం నుంచి ఖాళీనే, భయమేంది?" అన్నావు.

బావా, ఊడ్చి పెట్టిన ఖాళీ ఇంట్లోకే దయ్యం మరి ఏడుగురిని వెంటేసుకొచ్చిందని బైబిలు వాక్యం చెప్తలేదా? పెట్రోలు పోయినా దాని ఆవిరి లోపలే కాపురముంటుంది. నిప్పు తగిలితే, గోడ అవతల వంట చేసే మా అక్క టాంకీతో పాటు ఆకాశానికి లేస్తుంది. పరలోకానికి పోయే పద్ధతి అది కాదు.

మొన్న అక్కకు ఇదే చెప్పితే, "మీ బావ వింటడా తమ్మీ? 'దేవుడు కాపాడుతడు, నడుమ నీ తమ్ముని లొల్లేంది' అంటడు" అంది. బైబిలులో అగ్నిగుండంలో పడ్డ ముగ్గురిని దేవుడు కాపాడిన మాట నిజమే. కానీ వారిని రాజు తోయించాడు. వారంతట వారే అగ్గిపెట్టె పట్టుకొని పోలేదు.

ముందు నీ చుట్ట ఆర్పు. టాంకీని బయటికి మోయించి మోటారు దుకాణంలో ఇవ్వు. వాళ్లు కడిగి, నిండా నీళ్లు పట్టి, ఆ తరువాతే మాటు వేస్తారు.

ఆదివారం వస్తాను. టాంకీ పోయి ఉంటే అక్క చేతి కూడు తిని పోతాను. ఉంటే అక్కను బండెక్కించుకొని పోతాను. ఆ గోడ పక్కన పొయ్యి నువ్వే ముట్టించుకో. నీ విశ్వాసమెంతో అప్పుడు చూద్దాం.