దూదికి జ్వరం రాదు

తిరుపతి,
12-9-1979

నాయనకు,

నీ కూతురు పంకజాక్షి నమస్కారాలు. ఈడ మా గదిలో నలుగురమూ బాగుండాము. ఆడ సూళ్లూరుపేటలో నువ్వూ, అమ్మా బాగుండారని తలుస్తాను. నా ఎడమ చెయ్యి ఒక్కటే ఈ పొద్దు బాగలేదు. కాగితం అదిమి పెట్టుకునే చెయ్యి అదే గాబట్టి అక్షరాలు వరస తప్పుతా ఉండాయి. కారణం చివర్లో రాస్తాను. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ మాట దాటేసి చదువు.

నీ ఉత్తరం పోయిన శుక్రవారం అందింది. అందులో మూడు అడిగినావు. హాస్టల్లో తిండి ఎట్లుండాది, ఆసుపత్రిలో మేట్రనమ్మతో గొడవ మానినానా లేదా, తిరునాళ్ళకు ముందు వేసే కలరా సూది నేను వేయించుకున్నానా. మొదటి రెండింటికీ ఇప్పుడే జవాబు రాస్తాను. మూడోదానికి నువ్వు కొంచెం ఓపిక పట్టాల.

తిండికి లోటు లేదు. పొద్దున ఉప్మా, మధ్యాన్నం సాంబారు, రాత్రికి అదే సాంబారు. సంగటి మాత్రం కల్లోకి వస్తా ఉండాది. అమ్మ పంపిన చెనిక్కాయల పొడి రెండు రోజుల్లో అయిపోయింది. సమానంగా పంచుకుందామని చెప్పింది నేనే, అందరికంటే తక్కువ దొరికిందీ నాకే. ఈసారి రెండు డబ్బాలు పంపమను. ఒకటి సమానత్వానికి, ఇంకోటి నాకు.

నువ్వు ఎండలో ఇల్లిల్లూ తిరిగి గోడల మీద మలేరియా తేదీలు రాస్తా ఉండావని తెలిసింది. తలకు తువ్వాలు చుట్టుకో. ఇరవై ఏళ్ళు ఊరూరూ తిరిగి మశూచి అమ్మవారిని దేశం దాటించిన టీకాలోళ్ళకు చివరికి చేతికిచ్చింది ఒక రంగు డబ్బానా అని నాకు ఒళ్ళు మండతా ఉంటుంది. నీకు ఒళ్ళు మండనిది యాడుండాది అంటావు. అదీ నిజమే.

ఇంక రెండోది. గొడవ మానలేదు నాయనా. ముందు కథంతా విను, తరవాత తిట్టు.

తమిళుల పెరటాసి నెల వస్తా ఉండాది గదా, కొండకు జనం విరగబడి వస్తారు. మా పెద్ద డాక్టరు ఒక ఆర్డరు వేసినాడు. నర్సులు, ఆయాలు, వార్డు పనివాళ్ళు పదిహేనో తేదీలోగా కలరా సూది వేయించుకోవాల. లేకపోతే డ్యూటీలోకి రానియ్యరు, జీతం ఉండదు. సూదికి జ్వరమొస్తే సొంత సెలవు పెట్టుకోవాల. ఆయాలు రోజుకూలి మనుషులు, వాళ్ళకు సెలవే లేదు. పడుకుంటే కూలి పోయినట్టే. అన్నిటికంటే కింద ఒక ముక్క ఉండాది: డాక్టర్లు తమ వీలును బట్టి వేయించుకోవచ్చును.

సూది వద్దని నేను అనలేదు. టీకాల ఆదిమూలం కూతురు ఆ మాటంటే కళ్ళు పోతాయి. సూది మంచిదే, ఆర్డరే మంచిది కాదు. వాంతులు ఎత్తిపోసేది ఆయాలు, మంచం పక్కన నిలబడేది మేము. అంతవరకూ సరే. అదే మంచం దగ్గరికి డాక్టరు వస్తే రోగం పక్కకు తప్పుకుని దారిస్తుందా? ఊరి జనం కోసం ఆసుపత్రి మాకు తెప్పించే జ్వరం మా సొంత జ్వరం ఎట్లయితుంది? బస్టాండు దగ్గర పది పైసలకు అమ్మే పుస్తకాలు చదివి చెడిపోతా ఉండావని నువ్వు రాసినావు. ఆ పుస్తకాలు ఎవురో మా నోటీసు బోర్డు ముందర నిలబడి రాసినట్టుండాయి, నేనేం చేసేది?

ఆ బోర్డు ముందరే ఈ మాటలన్నీ అరిచినాను. మా మేట్రను రాజారత్నమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసు, నవ్వు మాత్రం పింఛనీ వచ్చినాక వాడుకుందామని దాచి పెట్టుకున్న మనిషి. గొంతు తగ్గించమనింది, లోపల ఆపరేషను అయిన మనిషి పడుకోనుండాదని. నేను తగ్గించలేదు. పైవాళ్ళకు గొడుగు పట్టే మనిషివి అని ఆమె ముఖానే అనేసినాను. ఆమె నా టోపీ పిన్ను జారిపోయి ఉంటే సరిచేసి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే పిటిషన్ రాసినాను. మేమందరమూ సూది వేయించుకున్నాము, డాక్టర్లూ వేయించుకోవాల, సూది జ్వరం రెండు రోజులూ డ్యూటీ కింద రాయాల అని. సూదికి భయపడి అరస్తా ఉండారు అనే మాట మాకు రాకూడదు గదా. అందుకని ముందు అందరమూ వేయించుకుని, తరవాతే కాగితం ఇయ్యాలని నేనే నియమం పెట్టినాను. సంతకాల్లో మొదటి పేరు నాదే. పెద్ద పెద్ద అక్షరాలతో రాసినాను.

గురువారం సూదులు. ఇరవై రెండు మంది నర్సుల్లో సగం మందికి నా చేత్తోనే వేసినాను. ఆయాలు మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. వాళ్ళకు పెద్ద దిక్కు సిద్ధమ్మ, ఆడవాళ్ళ వార్డులో పని. వడమాలపేట నుంచి మొదటి బస్సుకు వస్తుంది, యాభై దాటిన మనిషి. ఆమె ఊఁ అంటే తొమ్మిది మందీ ఊఁ అన్నట్టే. సూది మంచిదని, మన పోరాటం దీని మీదే నిలబడి ఉండాదని నేను ఒక పుస్తకమంత ఉపన్యాసం చెప్పినాను. ఆమె వక్కాకు నమలతా అంతా వినింది.

"అదంతా సరే మే పాపా. నువ్వు ఏసుకున్యావా?"

"పొద్దున్నే వేసుకున్నాను. మీ అందరికంటే ముందు."

"ఏదీ, సూపీ."

చొక్కా చెయ్యి పైకి లాగి చూపించినాను. దూది, దాని మీద ప్లాస్టరు. ఆమె వక్కాకు ఉమ్మేసి వచ్చి, చెయ్యి చాచి కూర్చునింది. వెనకాల ఎనిమిది మంది వరస కట్టినారు.

అందరికీ ఒక రోజు, రెండు రోజులు ఒళ్ళు కాగి పోయింది. సిద్ధమ్మకు మాత్రం మూడు రోజులు వదల్లేదు. చెయ్యి మోచేతి దాకా వాచింది. బస్సెక్కే సత్తువ లేక ఆడవాళ్ళ వార్డులోనే, గుడ్డల బీరువా పక్కన చాప వేసుకుని పడుకునింది. డ్యూటీ అయినాక నేను పోయి గంజి తాగించేదాన్ని, తడిగుడ్డ వేసేదాన్ని. ఆదివారం సాయంత్రం నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నీకు జొరం రాలేదా మే?"

"లేదు."

"రాకపోవడమే మంచిదిలే. ఇద్దరమూ పడుకోనుంటే నన్ను ఎవురు సూస్తారు."

నాయనా, ఇప్పుడు నీ మూడో ప్రశ్నకు జవాబు. నేను సూది వేయించుకోలేదు. దూది కింద ఏమీ లేదు.

గురువారం పొద్దున డ్రెస్సింగు గదిలోకి ఒక్కదాన్నే పోయినాను. సిరంజిలోకి మందు తీసినాను, స్పిరిటు రాసుకున్నాను. సూది నా వైపు తిప్పుకునేసరికి కళ్ళ ముందు చీకట్లు కమ్మినాయి. మందు తొట్టిలో చిమ్మేసి, దూది అంటించుకుని బయటికి వచ్చినాను. ట్రైనింగులో నాకు ధనుర్వాతం సూది వేసినప్పుడు స్పృహ తప్పి పడిపోయినాను. అది కూడా నీకు రాయలేదు. అసలు నర్సు పనికి నేను ఎందుకు వచ్చినానో తెలుసునా? సూది పట్టుకునే పక్కన నిలబడితే అది నా వైపుకు రాదనుకున్నాను.

ఈ భయం యాడ నుంచి వచ్చిందో నీకు తెలుసు. నాకు ఐదేళ్ళప్పటి నుంచి సైకిలు ముందర కూర్చోబెట్టుకుని నీతో టీకాలకు తీసుకుపోయేవాడివి. జనం తలుపులు మూసుకున్న ఊర్లో నన్ను ఒక అరుగు మీద కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి మడిచి, అందరూ చూస్తా ఉండగా మొదట నాకే వేసేవాడివి. "ఆదిమూలం కన్నబిడ్డకే ఏసినాడు, ఇంక మనకేం" అని తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకునేవి. నాకు ఒక బెల్లం కమ్మరకట్టు చేతిలో పెట్టేవాడివి. ఏడు ఊర్లు నాకు జ్ఞాపకం. ఒక్క ఊర్లో కూడా 'వేయనా పాపా' అని నన్ను అడగలేదు. ఈ కోపం చానా ఏళ్ళుగా ఉండాది. పెద్ద డాక్టరు ఆర్డరు మీద అంత అరిచినానే, అందులో కొంత నీ మీద అరవాల్సింది.

ఆదివారం సిద్ధమ్మ 'నన్ను ఎవురు సూస్తారు' అనగానే గంజి గిన్నె కింద పెట్టి చెప్పేసినాను, నేను వేసుకోలేదని, చూపించింది ఉత్త దూదని. చెప్పేటప్పుడే తెలుసు, ఇంక నా పిటిషన్ పని అయిపోయిందని. మొదటి సంతకమే అబద్ధమైతే పెద్ద డాక్టరు నవ్వి చెత్తబుట్టలో వేస్తాడు. నమ్మి చెయ్యి చాచిన తొమ్మిది మందీ నా ముఖాన ఉమ్మేస్తారు.

ఆమె నీళ్ళడిగి తాగింది. తరవాత అనింది.

"అదే గదా నేను అనుకుంటా ఉండాను. దూదికి జొరం యాడ వస్తుంది."

నేను ఏడిస్తే కసిరింది. ఏడుపు తన జ్వరాన్ని దించదంట. తన చెయ్యి పట్టుకుని లేపమని, ఆ ఒంటితోనే నన్ను మేట్రనమ్మ గదికి నడిపించింది. ఎవురు ఎవుర్ని నడిపించినారో చూసినవాళ్ళకు తెలిసి ఉండదు.

రాజారత్నమ్మ అంతా వినింది. పిటిషన్ చింపేస్తానన్నాను.

"చింపొద్దు. ముప్పై ఏళ్ళుగా ఇట్లాంటిది ఒకటి రాద్దామని నాకూ ఉన్నింది. నీ పేరు ఒక్కటి కొట్టెయ్. సూది పడినాక అడుగున రాసుకో."

కొట్టేసినాను. నా పెద్ద అక్షరాల పైన గీత గీసేటప్పుడు సిగ్గుతో చెవులు కాలినాయి. సోమవారం పొద్దున ఆమె గదిలోనే, ఆయాలందరి ముందర నాకు సూది. వాళ్ళను పిలిచి నిజం చెప్పింది నేనే. ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు. ఒకామె మాత్రం దూది కనపడితే చాలు, 'పంకజం సిస్టరు సూది' అంటా ఉండాది. ఆ పేరు ఇంక పోదనుకుంటాను. సూది వేసేటప్పుడు సిద్ధమ్మ నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపుకు తిప్పుకునింది. వేయనా అని మేట్రనమ్మ అడిగింది. సూది పట్టుకున్న మనిషి నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఊఁ అన్నాను. కళ్ళు తిరగలేదు.

పిటిషన్ ఈ పొద్దు పెద్ద డాక్టరు గదికి పోయింది. కొట్టేసిన నా పేరు పైన ఖాళీలో రాజారత్నమ్మ సంతకం ఉండాది. అందరికంటే అడుగున సిద్ధమ్మ వేలిముద్ర, దాని కింద నేను, ఈసారి చిన్న అక్షరాలతో. ఆయన ఏమంటాడో తెలీదు. కాదంటే మళ్ళీ రాస్తాము. సిద్ధమ్మ మూడు రోజులకు మాత్రం హాజరు పడిపోయింది. ఎట్లా అంటే, "వార్డులోనే ఉన్నింది గదా, నేను అబద్ధం ఏం రాసినాను" అనింది మేట్రనమ్మ. ఆమెను నేను గొడుగు పట్టే మనిషి అన్నానే, ఆ గొడుగు ఎవురి మీద పడతా ఉండాదో అప్పుడు చూడలేదు. క్షమించమని అడగబోతే, థర్మామీటరు నోట్లో పెట్టి మూయించింది.

నిన్న జ్వరంలో పడుకుని నిన్నే తలుచుకున్నాను. నువ్వు టీకా వేసేటప్పుడు ముందు మందు చుక్క చేతి మీద పెట్టి, దాని మీద ముళ్ళున్న సూదిబిళ్ళ ఆనించి తిప్పేవాడివి. ఆ చుక్క చల్లగా తగలడం నాకు మొదటి ఊర్లో ఒక్కసారే జ్ఞాపకం. మిగతా ఆరు ఊర్లలో అరుగు జ్ఞాపకం ఉండాది, జనం కళ్ళు, కమ్మరకట్టు జ్ఞాపకం ఉండాయి. చల్లటి చుక్క మాత్రం లేదు. నీ బొటనవేలు వెచ్చగా ఆనించి పెట్టింది ఉండాది. నొప్పి ఉన్నట్టు కూడా లేదు, భయమే. నా చేతి మీద మచ్చలు కూడా మొదటిసారి పడినవి రెండే. ఒకసారి పట్టినాక మళ్ళీ వేస్తే మచ్చ పడకపోవచ్చునని మాకు పాఠంలో చెప్పినారు. అయినా నిన్ను అడగాలనిపించింది. ఆ ఆరు ఊర్లలో సూది తిప్పినావా నాయనా, లేక నువ్వు కూడా నా మాదిరే ఉత్త వేషం వేసినావా?

తిప్పినానంటే కోపం ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటాను. తిప్పలేదంటే మనమిద్దరమూ ఒకటే దొంగలం. అయినా నీ దొంగతనం కింద ఒక నిజమైన టీకా ఉండాది. నా దూది కింద అది కూడా లేకపోయింది. ఇప్పుడు ఉండాది. చెయ్యి ఇంకా వాచి ఉండాది, వచ్చి చూసుకో.

వచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి మర్చిపోయినా పరవాలేదు. ఒక కమ్మరకట్టు మాత్రం తీసుకురా. ఈసారిది నాకు రావాల్సిందే.

ఇట్లు,
నువ్వు ఏడు ఊర్ల అరుగుల మీద కూర్చోబెట్టిన నీ కూతురు
పంకజం