రాళ్ళ బీడు కాదు, మా ఇసుక చేను

చైనా, గాన్సు రాష్ట్రం, షాగౌ గ్రామం.
మండల వ్యవసాయాధికారి డువాన్ గారి సముఖమునకు, మేత సంఘం తరఫున పాంగ్ యుఫెన్ పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా లూసర్న్ మేత చేనును తమరు 'రాళ్ళ బీడు' అని నమోదు చేసి, వచ్చే గురువారం రాళ్ళేరే యంత్రం పంపుచుండుట గురించి.

1. సదరు చేనులో జానెడు మందాన ఉన్న గులక ఇసుక ఆకాశం నుంచి రాలలేదు. పదకొండు మంది ఆడవాళ్ళం మూడు చలికాలాలు వాగు నుంచి తట్టలతో మోసి, ఎరువు వేసి చదును చేసిన మట్టి మీద పరిచాము. తమ రిజిస్టరులో 'సహజముగా ఏర్పడిన రాళ్ళు' అని ఉన్నది. మగవాళ్ళు మోసి ఉంటే ఇదే 'అభివృద్ధి పని' అయి, ఫోటో కూడా పడేది కాదా అని అడుగుచున్నాను.

2. పడిన నాలుగు చినుకులు ఇసుక గుండా మట్టిలోకి దిగుతాయి. ఇసుక కప్పి ఉన్నందున ఎండ వాటిని పైకి లాగలేదు. పోయిన ఏడు పక్కపక్కన రెండు సమానమైన మడులలో లూసర్న్ వేశాము. ఇసుక లేని మడికి అయిదు తడులు పెడితే రెండు కోతలు. ఇసుక మడికి రెండే తడులు, మూడు కోతలు. 'నీరు పొదుపు చేయండి' అని తమ శాఖ మా గోడల మీద ఎర్రరంగుతో రాయించినది. పొదుపు చేసినవారి మీదికే యంత్రమా?

3. యంత్రం రాళ్ళేరి దున్నితే ఇసుకా మట్టీ కలిసిపోవును. కలిసినదానిని విడదీసే యంత్రం తమ శాఖలో ఇంకా పుట్టలేదు. మా గొర్రెలకు చలికాలమంతా ఈ మేతే ఆధారము.

4. ఇక తనిఖీ రోజు సంగతి. బురద జోళ్ళతో తమరు చేలోకి దిగబోగా మా క్వెయ్ పెద్దమ్మ అడ్డం వచ్చినది.

"జోళ్ళు గట్టు మీద విడిచి రా నాయనా. ఇసకలోకి మట్టి మోసుకురాకూడదు."

అధికారినని తమరు మనవి చేసుకొనగా, "అయితే నీ బురద ఇసకలో కలవదా?" అన్నది.

తమరు జోళ్ళు విడిచినారు. అది మెచ్చదగినదే. అయితే మిట్టమధ్యాహ్నమని మేమెవరమూ ఆలోచించలేదు. గులకలు కాలినవి. మూడంగలు వేసి, నాలుగోది గాలిలోనే వేసి తమరు జీపెక్కినారు. 'రాళ్ళ బీడు' అన్న మాట ఆ జీపులోనే రాసినారు. నవ్వినందుకు పదకొండు మందిమీ క్షమాపణ కోరుచున్నాము. అరికాళ్ళు మండినంత మాత్రాన చేను బీడు కాదని మాత్రం వాదించుచున్నాము.

కావున తమరు ఒక్క ఉదయం పూట వచ్చి, గులకల కింద చెయ్యి పెట్టి ఆ చెమ్మ స్వయంగా చూసి, ఉత్తరువు రద్దు చేయవలెను. ఇంతకన్న వేరే సాక్ష్యం మా దగ్గర లేదు. అవసరమూ లేదు.

ఇది చిత్తగించి, గురువారము లోపలే కదలవలెను.

తమ విధేయురాలు (ఈ చేను విషయంలో తప్ప),
పాంగ్ యుఫెన్

తా.క.: తమ జోళ్ళు భద్రంగా ఉన్నవి. పెద్దమ్మ బురద కడిగి, నూనె రాసి, గొర్రెలకు అందకుండా చూరుకు వేలాడదీసినది. వచ్చి తొడుక్కుని పొండి, వేడి నూడిల్స్ పెడతాం. తమరికన్నా ముందు యంత్రం వచ్చినా ఆమెకు అభ్యంతరం లేదట. కట్టుబాటు అందరికీ ఒకటే: డ్రైవరు జోళ్ళు, యంత్రం చక్రాలు గట్టు మీద విప్పి దిగాలట.