తాళం తప్పిన సప్పట్లు

బావా,

నువ్వు ప్రభువు దగ్గరికెళ్ళిపోయి ఇయ్యాల్టికి ఏడాది. ఏడుపు కబురు కాదులే, మంచి కబురే రాత్తన్నాను.

నా కీళ్ళవాతానికి ఏసుకునే స్టెరాయిడ్ మాత్ర డాక్టరమ్మ మాన్పించేసింది. నెలల తరబడి సగం, పావు అని తగ్గించుకుంటూ వచ్చి, మొన్న "జబ్బు అదుపులో ఉంది, ఇంక ఇది అక్కర్లేదమ్మా" అంది. వారానికోసారి మింగేది మాత్రం మానొద్దంది. ఆ స్టెరాయిడ్‌కి ఉబ్బిపోయి, నువ్వు పూరీలని ఏడిపించిన బుగ్గలు కూడా దిగిపోనాయి.

ఇయ్యాల వన్ టౌన్‌లో మన చర్చికెళ్ళినాను. పాట మొదలవగానే భయం భయంగా ఒక సప్పట్టు కొట్టి సూసినాను. నొప్పి లేదు! ఇన్నేళ్ళూ నాను సేతులు ఒళ్ళో పెట్టుకుని కూకుంటే, నా వంతు కూడా నువ్వే కొట్టేవోడివి. పోర్టులో అంతెత్తు క్రేను నడిపినోడివి, నీకు తాళం మాత్రం ఒక్క ఆదివారమూ కుదర్లేదు. నాను సిగ్గుతో సచ్చిపోయేదాన్ని.

ఇయ్యాల పాటంతా కొట్టినాను. పక్కనే కూకున్న మీ అక్క నన్ను మోసేత్తో పొడిసి, "ఏటే, తాళం తప్పుతన్నావు? అచ్చం మా తమ్ముడిలాగే!" అని నవ్వింది.

తప్పడమేటి బావా! నా వంతు తాళంలోనే కొట్టినాను. తప్పినయి నీ వంతువి.